స్టెంట్‌లో 2 మి.మీ. లెక్క.. ఎవరికి కొలువు?

స్టెంట్ వేశాక కూడా రక్తనాళం మళ్లీ పూడుకుపోతే, అందులోకి స్ట్రాన్షియం-90 మూలాన్ని పంపి కొన్ని నిమిషాలు రేడియేషన్ ఇస్తారు. డోసును మూలం మధ్య నుంచి 2 మి.మీ. దూరంలో లెక్కిస్తారు. బీటా కిరణాలు మిల్లీమీటరు జరిగినా బాగా తగ్గిపోతాయి. రేడియోథెరపీలో మామూలుగా వాడే 0.6 సీసీ ఛాంబర్ ఇక్కడ మరీ పెద్దది. అందుకే ప్రత్యేక ఫిల్ములతో కొలుస్తారు.

2003 ప్రాంతంలో మందుపూత స్టెంట్లు వచ్చాక ఈ చికిత్స బాగా తగ్గింది. కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. కానీ క్యాన్సర్ రేడియోథెరపీలో డోసు లెక్కగట్టే మెడికల్ ఫిజిసిస్ట్ లేనిదే పని నడవదు.

సైదాబాద్ నుంచి బస్సులో వెళ్లొచ్చేంత దూరంలోని ఉస్మానియాలోనే ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్ ఉంది. బీటెక్ ఒక్కటే చాలదు (నాలాంటోళ్లకి తలుపు మూసినట్టే!). బీఎస్సీ ఫిజిక్స్ వాళ్లు చూడండి. ఎక్కడ చేరినా ఏఈఆర్‌బీ గుర్తింపు, ఏడాది ఇంటర్న్‌షిప్ సంగతి ఫీజు కట్టకముందే అడగండి.