అణువేది? పరమాణువేది?

వేసవి సెలవులు ముగిసి పాఠశాలలు తెఱచిన నాటినుండి మన సంఘమునకు వచ్చుచున్న తల్లిదండ్రులు పలువురు ఒకే ప్రశ్న వేయుచున్నారు. పిల్లవాడు ఇంట తెలుగు మాటాడును. బడిలో తమిళముననో ఇంగ్లీషుననో చదువును. పరీక్ష ఆ భాషలలోనే వ్రాయును. అట్టివానికి ఆదివారపు తరగతిలో తెలుగు శాస్త్రపదములు కూడ నేర్పి బరువు పెంచుట యెందులకు? ఈ ప్రశ్న అడుగదగినదే. వారికి మేము ఇచ్చు సమాధానమును పాఠకుల ముందుంచుచున్నాము.

మొదట ఒక మాట. తమిళముతో మనకు తగవు లేదు. తరతరములుగా ఈ నేలపై పంట పండించుకొని, అంగళ్లు పెట్టుకొని బ్రదుకుచున్నవారము. 2006 నాటి చట్టముచే తమిళము ఒకటవ తరగతి మొదలు క్రమముగా పదవ తరగతివఱకు తప్పనిసరి పాఠ్యభాగమైనది. మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలసినదే. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు రాజ్యాంగములోని 350ఎ అధికరణము 1956లోనే అండ చూపినది, నిజము. ఆ హక్కునుగూర్చి వేఱొకమాఱు వ్రాసెదము. ఇప్పటి విషయము హక్కు కాదు, అర్థము.

మన పిల్లలకు వచ్చు చిక్కు తెలియని మాటలతో కాదు, తెలిసినట్లుండు మాటలతో. తమిళ పాఠ్యపుస్తకమున ‘అణు’ అనగా మూలకముయొక్క మిక్కిలి సూక్ష్మమైన భాగము. తెలుగు పుస్తకములలో దానికి పరమాణువని పేరు. తెలుగున అణువనగా, సాధారణముగా, పరమాణువులు కొన్ని కలిసి యేర్పడినది. దానిని తమిళమున ‘మూలక్కూఱు’ అందురు. ఆ మాట చెవిని బడగానే మనవానికి మూలకము తోచును. తోచిన నేమి? మూలకమునకు తమిళమున ‘తనిమం’ అని పేరు. నీటి అణువులో హైడ్రోజను పరమాణువులు రెండు, ఆక్సిజను పరమాణువు ఒకటి కలవని తెలుగు పుస్తకము చదివిన తాత చెప్పినచో, మనుమడు బడిలో దానిని ‘అణు’ అని చెప్పి మార్కులు పోగొట్టుకొనును. తాత చెప్పినది తప్పు కాదు, ఉపాధ్యాయుడు దిద్దినదియు తప్పు కాదు. తెలుగు పత్రికలు సైతము అణుబాంబు, అణువిద్యుత్తు అనియే వ్రాయుచుండగా పిల్లవానిని మాత్ర మేమనగలము?

కారముమాటయు నిట్టిదే. సంస్కృతపు క్షారమే తమిళమున ‘కారం’ అయినది. మన వంటింట కారమనగా మిరపపొడి. సున్నపుతేట, సబ్బునీరు ఈ శాస్త్రపు కారము జాతివి. మిరపకాయకును వీనికిని పొత్తు లేదు. వేగమనునది తెలుగు పుస్తకమున దిశతో గూడినది, దిశలేనిదానికి వడి యని పేరు. తమిళమున దిశలేనిదే ‘వేగం’, దిశగలది ‘తిసైవేగం’. ఈ భేదము లెవ్వరో ఒకరు ఒక్కమాఱు కూర్చుండబెట్టి చెప్పినచో అరగంట పని. చెప్పనిచో పదవ తరగతివఱకు గందరగోళమే. కలిసివచ్చు మాటలును కొల్లలుగా నున్నవి: వేరు, విత్తు, కాయ, నీరు ఇరువురివి, ఆమ్లము అక్కడ ‘అమిలం’.

ఇది మార్కులతో తీరు వ్యవహారమైనచో మేమింతగా వ్రాయము. మన ధర్మపురి జిల్లాలో పలుచోట్ల బోరుబావి నీట ఫ్లోరైడు మితిమీరి యున్నది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయము. మించిన నీరు బాల్యమునుండి త్రాగినవారికి పండ్లపై పసుపు, గోధుమరంగు చారలు పడును. ఏండ్లు గడచినకొలది ఎముకలు, కీళ్లు బిగిసిపోవును. తెలుగువారికిది క్రొత్త వ్యాధి కాదు. మనదేశమున దీనిని మొదట 1937లో గుర్తించినది నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలోనే. తరువాత నల్లగొండ పేరు దీనితో ముడివడినది. మన జిల్లాకును కృష్ణగిరికిని కావేరి నీటిని తెచ్చు హోగెనకల్ పథకము 2013లో ప్రారంభమైనది. అయినను కుళాయి రాని దినమున బోరునీరే గతి యగు ఇండ్లున్నవి.

అట్టి ఇంట అవ్వ యేమి చేయును? నీటిని కాచి చల్లార్చి పోయును. కాచినచో సూక్ష్మజీవులు చచ్చును, సత్యమే. ఫ్లోరైడు ప్రాణి కాదు, నీట కరగిన పదార్థము; కాచినందున పోదు. నీరు ఆవిరియైనకొలది మిగిలిన నీటిలో దాని పాలు ఇంచుక పెరుగునే గాని తరుగదు. ఈ సంగతి ఎనిమిదవ తరగతి బాలిక తన పుస్తకమున చదివియే యుండును. కాని అవ్వకు తెలుగు దప్ప వేఱు రాదు. బాలికకు ‘కరగిన పదార్థము’, ‘సూక్ష్మజీవి’ అను మాటలు తెలుగున రావు. చదివిన చదువు గడప దాటి వంటింటిలోనికి రాకున్నది. మేము తెలుగు పదములు కోరుటకు ఇదియే ముఖ్యకారణము. నల్లగొండ పేరనే వెలసిన శుద్ధి పద్ధతిలో వాడునవి పటిక, సున్నము, బ్లీచింగు పొడి. మొదటి రెండును అవ్వ యెఱిగిన మాటలే గదా!

అన్నిటికి తెలుగే కల్పించవలెనను పట్టుదల మాకు లేదు. వెనుకటివారు ఆక్సిజనుకు ఆమ్లజని యని పేరిడిరి. ఆమ్లములన్నిటికి అదియే మూలమని లావోసియే తలచి పెట్టిన గ్రీకు పేరునకు అది తెనుగుసేత. ఆ తలంపు సరికాదని తరువాత తేలినది. పొరపాటును కూడ అనువదించి మోయుట యెందులకు? వర్తకులమైన మాకు మఱియొక నిదర్శనము కలదు. 1958లో మెట్రిక్ కొలతలు రాగా వీశె, మణుగు క్రమముగా తొలగినవి. కిలోగ్రామునకు తెలుగుమాట యేదని ఏ గిరాకీయు అడుగలేదు. తూకము సరిగా నున్నదా యని మాత్రమే అడిగిరి.

అట్లని ఉన్నమాటలను వదలుకొనుట తగదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు 1906లో హైదరాబాదున స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి 1908లో మద్రాసునకు తరలివచ్చి, జీవశాస్త్రము, రసాయనశాస్త్రము మొదలగు గ్రంథములను తెలుగున వెలువరించినది. 1916లో, నాడు సేలములో న్యాయవాదిగా నుండిన రాజగోపాలాచారిగారు తమిళమున శాస్త్రపదములు కూర్చుటకు సంఘము నేర్పరచిరి. వారి జన్మస్థలమైన తొరపల్లి 2004లో కృష్ణగిరి వేఱుపడువఱకు మన జిల్లాలోనిదే. రెండు భాషలవారును చేసిన ఈ పని ఫలము నేడు ఒకే పిల్లవాని సంచిలో పడినది. రెంటిని ప్రక్కప్రక్కన బెట్టి చూపువారే కఱవు.

కావున వచ్చు సంచికనుండి ఈ పత్రిక చివరి పుటలో వారమునకు పది పదములు ప్రకటింతుము: తెలుగు, తమిళము, ఇంగ్లీషు మూడును తెలుగులిపిలో, వరుసగా, ఒక్కొక్కదానికి ఇంటివస్తువుతో ఉదాహరణము. మొదటి పది నీటినిగూర్చినవి. ఉపాధ్యాయవృత్తిలో నున్న మన వారిలో ఇరువురైనను అచ్చునకు ముందు వానిని సరిచూడ ముందుకు రావలెనని కోరుచున్నాము. మా చదువు మెట్రిక్యులేషనుతో సరి. సేద్యము చేయువారు నేల, ఎరువు, పురుగు, తెగులు వీనికి తమ యింట వాడు మాటలను కార్డుపై వ్రాసి పంపవలెను. ఆ మాటలలో చాలవఱకు ఏ నిఘంటువునను లేవు, ముసలివారి నోటనే యున్నవి. ఆదివారము సాయంకాలము తరగతి యథాప్రకారము జరుగును. బాలికలను కూడ పంపవలెను.