ఓటు సమానమే, నూలు మాటేమిటి?

వాటా ధనం ఎంతున్నా మనిషికి ఒకటే ఓటు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో నేతగాళ్లూ ఇతర చేతిపనివాళ్లూ కలిసి పెట్టుకున్న దుకాణం లోకానికి నేర్పిన ఈ సూత్రమే మన చేనేత సహకార సంఘాలకూ పునాది. మన కడప జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, 1935లో, చేనేత సంఘాలకు పైసంస్థ ఏర్పడింది. అదే నేటి కో-ఆప్టెక్స్. 1976లో మన రాష్ట్రానికి అలాంటి పైసంస్థగా ఆప్కో వచ్చింది. నూలు, ధర, అమ్మకం షావుకారు గుప్పిట్లోంచి నేసేవాళ్ల చేతికి రావాలన్నది అప్పటి ఆశయం. ఇన్ని దశాబ్దాల తర్వాత మోరగుడి, దొమ్మరనంద్యాల, ప్రొద్దుటూరు మగ్గాల దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆ మూడూ ఎవరి చేతికి వచ్చాయి? సంఘం పేరు మీద ఒకరిద్దరి చేతికి వచ్చి ఉంటే అది షావుకారు స్థానంలో మరో షావుకారును కూర్చోబెట్టడమే.

చట్టం లెక్కన సంఘంలో సర్వాధికారం సర్వసభ్య సమావేశానిది. ఆచరణలో అది నూలు పంచేవాడి దగ్గర ఉంటుంది. ఎవరికి పట్టు ఇవ్వాలి, ఎవరికి ముతక నూలుతో సరిపెట్టాలి, ఎవరి బట్టలో నేత లోపం చూపి మజూరీ కోయాలి, ఎవరిని ‘సరుకు రాలేదు, వచ్చేవారం చూద్దాం’ అని తిప్పి పంపాలి అన్నవి సమావేశాల్లో తీర్మానించే విషయాలు కావు. అయినా నేతన్న ఇంట్లో పొయ్యి వెలగడం వాటి మీదే ఆధారపడి ఉంది. అయిదేళ్లకోసారి వేసే ఓటు వారం వారం నూలు కోసం నిలబడే మనిషికి అండగా నిలవదు. సంఘం దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడు, లెక్కల పుస్తకం ఎన్నడూ కళ్లచూడనివాడు సమావేశంలో లేచి నిలదీస్తాడనుకోవడం అత్యాశ. పైగా పదవిలో ఉన్నవారే బయట మాస్టర్ వీవర్లుగా సొంత వ్యాపారం చేస్తుంటే, సంఘం మగ్గాలు ఖాళీగా ఉండటం వారికి నష్టం కాదు, లాభమే. ఆ మగ్గాలు చివరికి చేరేది వాళ్ల దగ్గరకే. అందుకే నూలు, పని, లెక్క ఈ మూడింటి మీద సభ్యులకు పట్టు లేనంతకాలం ఓటు సమానత్వం కాగితం మీదిదేనని మా అభిప్రాయం.

ఆ ఓటుకు కూడా విలువ మిగలకుండా చేసేది బోగస్ సభ్యత్వం. మగ్గం ముఖం చూడని పేర్లు జాబితాలో చేరితే నిజంగా నేసేవాడి ఓటు వాటి కింద నలిగిపోతుంది. ఒక మనిషికి ఒక ఓటు అన్న నియమాన్ని అక్షరాలా పాటిస్తూనే సంఘాన్ని కబళించవచ్చు. 2020 ఆగస్టులో మన జిల్లాలోని ఖాజీపేటలో ఆప్కో మాజీ ఛైర్మన్ ఇంట్లో సీఐడీ సోదాలు జరిపినప్పుడు వెల్లువెత్తిన ఆరోపణలు ఇలాంటి సంఘాల మీదే. వాటి నిజానిజాలు తేల్చాల్సింది న్యాయస్థానం. కానీ ఆరోపణ తప్పని తేలినా ఒప్పని తేలినా, సభ్యుల జాబితాను మగ్గం మగ్గానికీ తిరిగి సరిచూసే పని ఆగనక్కరలేదు.

ప్రభుత్వాల పాత్ర మరీ విడ్డూరం. 1964 నాటి సహకార సంఘాల చట్టం రిజిస్ట్రారుకు పాలకవర్గాన్ని తప్పించి తన మనిషిని కూర్చోబెట్టే అధికారమిచ్చింది. ప్రభుత్వ వాటా, ప్రభుత్వ పెత్తనం లేని సంఘాల కోసం 1995లో పరస్పర సహాయక సంఘాల చట్టం తెచ్చిన తొలి రాష్ట్రం మనదే అయినా, చేనేత సంఘాలు చాలావరకు పాత చట్టం నీడలోనే ఉండిపోయాయి. 97వ రాజ్యాంగ సవరణ పాలకవర్గాల రద్దుకు ఆరు నెలల గడువు పెట్టి కొంత ఆశ కల్పించింది. రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో 2021 జులైలో సుప్రీంకోర్టు ఆ గడువు పెట్టిన భాగం రాష్ట్ర సంఘాలకు వర్తించదని తేల్చింది. రాష్ట్రంలో వ్యవసాయ పరపతి సంఘాలకు 2013లో ఎన్నికలు జరిగాక నామినేటెడ్ కమిటీలతోనే నెట్టుకొచ్చారు. చేనేత సంఘాలదీ ఎన్నికల్లేని పర్సన్ ఇన్‌ఛార్జుల దారే. ఏ పార్టీ అధికారంలోకి వచ్చినా ఈ ఏర్పాటును ఇష్టంగానే కొనసాగించింది. ఎందుకో వివరించనక్కరలేదు.

ఇక మహిళల సంగతి. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో ఈ రంగంలో పనిచేసేవారిలో 70 శాతానికి పైగా మహిళలు. కండెలు చుట్టడం, ఆసు పోయడం వాళ్ల పనే. చాలా ఇళ్లలో మగ్గం మీదా వాళ్లే. మగ్గానికి ఒక సభ్యత్వమని లెక్కపెట్టి దాన్ని ఇంటి యజమాని పేర రాస్తే, సగానికి పైగా శ్రమ ఓటు లేకుండా మిగులుతుంది.

నేతన్నలకు లెక్కలు రావు, సంఘం నడపడం చదువుకున్నవాళ్ల పని అని కొందరంటారు. లెక్కలు తెలిసినవారిని జీతానికి పెట్టుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. ఆ ఉద్యోగి ఎవరికి జవాబుదారీ అన్నదే ప్రశ్న. కేరళలో 1925లో కూలీలు స్థాపించుకున్న ఊరాలుంగల్ కార్మిక సంఘం ఇవాళ రహదారులు, వంతెనలు కడుతోంది. ఇంజినీర్లను పెట్టుకుంది, పాలకవర్గాన్ని మాత్రం కార్మిక సభ్యులే ఎన్నుకుంటారు. సమానత్వమంటే అందరికీ ఒకే కూలీ అనీ కాదు. స్పెయిన్‌లోని మోండ్రగాన్ సంఘాల్లో జీతాల తేడా ఉంది, దానికి సభ్యులే హద్దు పెట్టుకున్నారు. సన్నటి పట్టుచీర నేసే చేతికి ఎక్కువ మజూరీ దక్కాల్సిందే. ఆ నైపుణ్యాన్ని ఎవరు కొలుస్తారు, ఏ లెక్కన కొలుస్తారు అన్నది అందరికీ కనపడాలి.

సంఘాలను వదిలేసి డబ్బు నేరుగా ఖాతాలో వేస్తే సరిపోదా అన్న వాదన బలమైనదే. 2019లో మొదలైన నేతన్న నేస్తం ఏడాదికి రూ.24 వేలు ఇచ్చింది, మధ్యలో ఎవరి చేయీ తడపనక్కరలేకుండా. కష్టకాలంలో ఆ సొమ్ము ఎన్నో ఇళ్లను నిలబెట్టిందనడంలో సందేహం లేదు. అయితే అది సొంత మగ్గం ఉన్న కుటుంబాలకే. పరాయి మగ్గం మీద కూలికి నేసేవాడికి దక్కలేదు. ఖాతాలో పడిన డబ్బు నూలు ధరను తగ్గించలేదు, చీరకు గిట్టుబాటు ధర పలికించలేదు. ఆ బేరమాడాలంటే పదిమంది కలిసి నిలబడాల్సిందే.

అలా నిలబడే అవకాశం ఇప్పుడు దగ్గర్లోనే ఉంది. మన జిల్లాలోని గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో దాదాపు రూ.78 కోట్లు మంజూరు చేసింది. పెన్న లోయ చూడటానికి వచ్చేవారు పెరిగితే జమ్మలమడుగు చీరకు ఇంటిముందే గిరాకీ వస్తుంది. అక్కడ చీరల దుకాణాలు సంఘాలకు కేటాయిస్తే, దానికి ముందే జిల్లా చేనేత శాఖ సభ్యుల జాబితాలను సరిచూసి, నేసే మహిళలను వాటిలో చేర్చి, ఎన్నికల తేదీ ప్రకటించాలి. నూలు, బట్టల వ్యాపారం సొంతంగా చేసేవారిని పదవులకు అనర్హుల్ని చేయాలి. ఏ వారం ఎవరికి ఎంత నూలు ఇచ్చారో, ఎంత మజూరీ చెల్లించారో సంఘం గోడ మీద పెద్దక్షరాల్లో రాయించాలి. వీటిలో కొత్త చట్టం వచ్చేదాకా ఆగాల్సినవి తక్కువ. గోడ మీద రాయడానికైతే రిజిస్ట్రారు ఉత్తర్వు చాలు.