చిప్పు వేశారు సరే.. టీకా వేయించారా?

కిందటి వేసవిలో ఓ తొమ్మిదేళ్ల బాబును మా ఆస్పత్రికి తీసుకొచ్చారు. ఇంట్లో పెంచుకుంటున్న కుక్కే ఆటలో అరచేతిని కొరికింది. రక్తం వచ్చింది. అప్పటికే నాలుగు రోజులైంది. ఇన్నాళ్లు ఎందుకు ఆగారని అడిగితే తండ్రి ఫోన్ తీసి చూపించారు. యాప్‌లో కుక్క పేరు, ఫొటో, పక్కన పచ్చని టిక్కు. ‘మాది రిజిస్టరైన కుక్క సార్, మైక్రోచిప్ కూడా వేయించాం. అందుకే భయపడలేదు. మా అమ్మ పోరు పడలేక తీసుకొచ్చాను’ అన్నారు. అదే తెరను కాస్త కిందికి జరిపి చూస్తే, రేబిస్ టీకా గడువు ముగిసి ఎనిమిది నెలలైంది.

ఆ రోజే గాయం శుభ్రం చేసి, గాయం లోపల, చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చి, టీకా మొదలుపెట్టాం. బాబు బాగున్నాడు, కుక్కా బాగుంది. నన్ను మాత్రం ఆ పచ్చని టిక్కు వదల్లేదు. కుక్క ఎవరిదో చెప్పడానికి పెట్టిన గుర్తును, కుక్క వల్ల ప్రమాదం లేదని చెప్పే గుర్తుగా ఆ కుటుంబం అర్థం చేసుకుంది. నాయనమ్మ పట్టుబట్టకపోతే ఆ బాబు అసలు ఆస్పత్రికే వచ్చేవాడు కాదేమో!

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, నగరపాలక సంస్థలు ఒక్కొక్కటిగా ఈ దారి పడుతున్నాయి. చెన్నై కార్పొరేషన్ 2025లో పెంపుడు కుక్కల లైసెన్సుకు మైక్రోచిప్‌ను తప్పనిసరి చేసింది. ముంబై విమానాశ్రయం పరిసరాల్లోని కొన్ని వీధికుక్కల మెడకు 2023లో క్యూఆర్ కోడ్ ట్యాగులు కట్టారు. రేపు మీ ఊరి పురపాలక సంఘమూ ఇలాంటిదే తెస్తామనవచ్చు. వద్దనక్కర్లేదు. కానీ ఆస్పత్రికి కొత్త పరికరం కొనేముందు ‘ఇది చెప్పే ఫలితంతో రోగికి చేసే చికిత్స మారుతుందా?’ అని అడుగుతాం. పన్ను కట్టే మీరూ అలాంటి ప్రశ్నలే అడగాలి.

మొదటిది, ఈ పరికరం నిజంగా చేసే పని ఏమిటి? మైక్రోచిప్ బియ్యపు గింజంత ఉంటుంది. మెడ వెనుక చర్మం కింద సూదితో ప్రవేశపెడతారు. అందులో ఉండేది సాధారణంగా 15 అంకెల సంఖ్య ఒక్కటే. బ్యాటరీ ఉండదు. స్కానర్‌ను దగ్గరగా పెడితేనే ఆ సంఖ్య కనిపిస్తుంది. తప్పిపోయిన కుక్క ఎక్కడుందో చెప్పే జీపీఎస్ కాదది. టీకా అసలే కాదు. ఇక క్యూఆర్ ట్యాగు చదవాలంటే కుక్క మెడ దగ్గరికి ఫోన్ తీసుకెళ్లాలి. అప్పుడే కరిచిన కుక్క అంత సేపు నిలబడుతుందా?

రెండోది, ఆ సంఖ్య వెనుక ఉన్న వివరాలు ఎవరికి అందుతాయి? ఇంగ్లండ్‌లో కుక్కలకు మైక్రోచిప్ 2016 నుంచి తప్పనిసరి. చిరునామా, ఫోన్ నంబరు మారితే యజమాని నమోదు చేయించాలన్నదీ అక్కడి చట్టంలో భాగమే. పాత చిరునామా ఉన్న చిప్పు పాత ఇంటికే దారి చూపుతుంది. మన దగ్గర కుక్కలు పట్టే సిబ్బంది చేతిలో స్కానర్ ఉంటుందా? పశువైద్యుడు టీకా వేసిన రోజే తేదీ నమోదవుతుందా? గడువు దగ్గరపడితే యజమానికి సందేశం వెళ్తుందా? టీకా గడువు దాటగానే పచ్చని టిక్కు ఎర్రగా మారుతుందా? ఈ చివరి మార్పు ఒక్కటి ఉన్నా ఆ బాబు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చేవాడు కాదు.

మూడోది, దేన్ని లెక్కిస్తున్నారు? ‘ఇన్ని వేల కుక్కలకు చిప్పులు వేశాం’ అన్నది ఖర్చు లెక్క. రేబిస్ అదుపులోకి రావాలంటే ఊరిలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇందులో వీధికుక్కలూ ఉన్నాయి. గోవాలో మిషన్ రేబిస్ సంస్థ ప్రభుత్వంతో కలిసి పనిచేసినప్పుడు సాంకేతికతను వాడింది ఈ లెక్క కోసమే. టీకా వేసిన ప్రతి కుక్కనూ ఫోన్ యాప్‌లో నమోదు చేసి, ఒంటిపై రంగు గుర్తు పెట్టారు. తర్వాత వీధుల్లో తిరిగి రంగున్నవి ఎన్ని, లేనివి ఎన్ని అని లెక్కపెట్టారు. టీకాలు తక్కువ పడిన వీధులకు మళ్లీ వెళ్లారు. అక్కడ కుక్కల్లో రేబిస్ కేసులు 92 శాతం తగ్గాయని 2022లో వెలువడిన అధ్యయనం చెబుతోంది. ఆ యాప్ వెనుక వలలు పట్టుకుని వీధివీధీ తిరిగిన మనుషులున్నారు.

భారత వైద్య పరిశోధన మండలి సర్వే అంచనా ప్రకారం దేశంలో ఏటా సుమారు 91 లక్షల జంతుకాట్లు జరుగుతుంటే, 5,700 మందికి పైగా రేబిస్‌తో చనిపోతున్నారు. కుక్క కరిచినవారిలో దాదాపు అయిదో వంతు మందికి ఒక్క డోసు టీకా కూడా అందడం లేదు. లక్షణాలు మొదలయ్యాక ఈ జబ్బుకు మా దగ్గర మందు లేదు. అందుకే మీ వార్డు కార్పొరేటర్ కొత్త యాప్ గురించి చెబితే, కుక్కల టీకాకు, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలకు ఎంత కేటాయించారో కూడా అడగండి. ఆ డబ్బు తగ్గించి చిప్పులు కొంటే మనం నష్టపోయినట్టే. దాంతోపాటు చిప్పులూ వస్తే మంచిదే.

ఇక మీ ఇంటి సంగతి. కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించండి. తర్వాత పశువైద్యుడు చెప్పినట్టు ఏటా వేయించండి. ఆ తేదీ యాప్‌లోనే కాదు, వంటగది క్యాలెండర్‌ మీదా ఉండాలి.

ఏ కుక్క కరిచినా, రక్తం వచ్చేలా గీరినా ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. కట్టు కట్టొద్దు. అదే రోజు ఆస్పత్రికి రండి. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేయించుకోవాలి. కండకు ఇచ్చేదైతే 14వ రోజున మరో డోసు ఉంటుంది. రక్తం వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. కరిచిన పెంపుడు కుక్కను పది రోజులు గమనించాల్సిందే. అలాగని ఆ పది రోజులూ చూసి టీకా వేయించుకుందామని ఆగొద్దు.

కుక్క కరిస్తే ఫోన్ తెరిచి చూడటం తర్వాత. ముందు కుళాయి తిప్పండి.