సరస్సు ఒడ్డున కాటేజీ: ఎవరికి విశ్రాంతి?



వేసవి సెలవులు వచ్చాయంటే మన వాట్సాప్ గ్రూపుల నిండా ఒకే రకం ఫోటోలు. సరస్సు ఒడ్డున అద్దె కాటేజీ, వెనక నీళ్లు, ముందు పిల్లాపాపలతో కుటుంబం. కింద మార్కు 6:31. శిష్యుల్ని ఏకాంత స్థలానికి వచ్చి కాస్త అలసట తీర్చుకోమని యేసయ్యే పిలిచాడు కదా, మేం వెళ్తే తప్పేంటి పాస్టర్ గారూ అని అడుగుతున్నారు.

వెళ్లడం తప్పని మేము అనం. ఆరాధనకు జనం తగ్గుతారని, కానుకలు తగ్గుతాయని విహారయాత్రనే పాపంగా బోధించేవాళ్లున్నారు. వాళ్లతో మేము ఏకీభవించం. విశ్రాంతి దినాన్ని ఏర్పరచింది దేవుడే. మా అభ్యంతరమల్లా వాక్యాన్ని సగంలో ఆపేయడం మీద.

31వ వచనం దగ్గర ఆగకండి, 44 దాకా చదవండి. ప్రభువు, శిష్యులు దోనె ఎక్కి వెళ్లారు. వాళ్లకంటే ముందే జనం కాలినడకన పరుగెత్తి అక్కడికి చేరారు. ప్రభువు విసుక్కోలేదు, కనికరపడ్డాడు. ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదు వేల మంది పురుషులు కడుపునిండా తిన్నారు. విశ్రాంతికి వెళ్లిన శిష్యులే ఆ రోజు వడ్డించారు. మీ ఫోటో కింద ఈ భాగం ఎందుకు ఉండదు?

ద్వితీయోపదేశకాండము 5:14, 15 కూడా చూడండి. విశ్రాంతి ఇంటి యజమానికి మాత్రమే కాదు. దాసుడికీ, దాసికీ, ఎద్దుకూ, గాడిదకూ, ఊళ్లో ఉన్న పరదేశికీ ఉండాలి. ఎందుకంటే మీరూ ఒకప్పుడు ఐగుప్తులో దాసులే అని దేవుడు గుర్తుచేశాడు.

మన ఐగుప్తు మనకు గుర్తుందా? జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో మిరపకోతకు, పత్తితీతకు వెళ్లి, సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు చేసి పిల్లల్ని చదివించిన తల్లిదండ్రులు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. ఆ పిల్లలు ఈ రోజు హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు, దేవునికి స్తోత్రం. కానీ కాటేజీకి రెండు రాత్రులకు కట్టే డబ్బు అమ్మకు ఎన్ని రోజుల కోతకూలో ఒక్కసారి లెక్కేసుకోండి.

మీరు చూసి మురిసిపోయే నీళ్లు కూడా ఒకరి కష్టమే. లక్నవరం కాకతీయుల కాలంలో సాగు కోసం కట్టిన చెరువు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. వేలమంది కూలీలు రాళ్లు మోసి కట్టిన ఆనకట్ట అది. ఎడమ కాలువ గుండా మన పొలాలకు వచ్చేది ఆ నీళ్లే. ఒడ్డున కూర్చున్న మీకూ, ఇక్కడ చేలో వంగి పనిచేస్తున్న అమ్మకూ నీళ్లొకటే. విశ్రాంతి మాత్రం ఒకరికే.

"రమ్మంటే వాళ్లే రామంటారు" అని మీరనవచ్చు. గేదెను ఎవరు చూస్తారు, కోత ఆగిపోతుంది అని అంటారు, నిజమే. అయితే ఆ మూడు రోజులకు మనిషిని పెట్టి కూలి మీరే ఇవ్వండి. మీ ఇంట్లో పనిచేసే అక్కకు జీతం కోయకుండా సెలవివ్వండి. ఆదివారం అక్కడుంటే దగ్గరి పల్లెలో మందిరానికి వెళ్లి, ఆ చిన్న సంఘంతో కలిసి ఆరాధించండి. కాటేజీ ఊడ్చే చెల్లెమ్మకు సెలవు ఎప్పుడో అడగండి.

ఈ విషయంలో సేవకులమైన మేమూ నిర్దోషులం కాము. ప్రేమవిందు పేరుతో సహోదరీలను తెల్లవారుజాము నుంచే పొయ్యి దగ్గర నిలబెట్టి, విశ్రాంతి దినం గురించి ప్రసంగించినవాళ్లం మేమే. ఇకనుంచి విందు రోజున వడ్డన, గిన్నెలు కడగడం సేవకులమూ, పురుషులమూ చేద్దాం.

ఒక్కరు సేదతీరడానికి నలుగురు అలసిపోతే దాన్ని ప్రభువు విశ్రాంతి అనలేం. ఈ వేసవిలో కాటేజీ బుక్ చేసే ముందు ఇంటికి ఫోన్ చేయండి. "అమ్మా, నువ్వు పని ఆపి ఎన్నాళ్లయింది?" అని అడగండి. జవాబు విన్నాక ప్రార్థన చేసి, అప్పుడు బుక్ చేయండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.