గుండె బలహీనులకు నడక చికిత్స: పల్లెకు అందేదెన్నడు?

గుండె బలహీనపడిన మనిషి మంచం దిగరాదన్న నమ్మకం పల్లెల్లో ఇంకా బలంగా ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చిన పెద్దాయనను పొలానికి కాదు గదా, అరుగు దాటి కూడా పోనివ్వరు. ఇంట్లోవారి ప్రేమ కాదనలేనిది. కాని ఆ ప్రేమే రోగిని మరింత నీరసింపజేస్తున్నదని వైద్యశాస్త్రం చెబుతున్నది.

ఇందుకు జనాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. ఒకప్పుడు డాక్టర్లే విశ్రాంతిని మందుగా రాసేవారు. 1980 దశకం నుంచి పరిశోధనలు సాగేకొద్దీ ఆ అభిప్రాయం మారింది.

గుండె వైఫల్యమంటే గుండె ఆగిపోవడం కాదు. శరీరానికి కావలసినంత రక్తాన్ని అది నెట్టలేకపోవడం. ఆయాసం, కాళ్లవాపు, పడుకుంటే ఊపిరాడకపోవడం దాని గుర్తులు. అయితే అలసటకు గుండె ఒక్కటే కారణం కాదు. కదలిక లేక తొడలు, పిక్కల కండరాలు చిక్కిపోతాయి. రక్తంలోని ప్రాణవాయువును అవి సరిగా వాడుకోలేవు. క్రమమైన నడక ఆ కండరాలను తిరిగి దారికి తెస్తుంది.

అమెరికా, కెనడా, ఫ్రాన్సు దేశాలలో 2,331 మంది రోగులపై జరిగిన పరిశోధన ఫలితాలు 2009లో వెలువడ్డాయి. వ్యాయామం వల్ల ప్రమాదం పెరగలేదని, జీవనస్థితి కొంత మెరుగుపడిందని తేలింది. మరణాలు, ఆస్పత్రి చేరికలు తగ్గడం మాత్రం స్వల్పమే. తర్వాత అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు, మళ్లీ ఆస్పత్రి పాలయ్యే అవసరం తగ్గుతున్నట్లు కనిపించింది. మొదటి ఏడాదిలో మరణాలు తగ్గినట్లు రుజువు కాలేదు. అయినా ఒక్క ఆస్పత్రి చేరిక తప్పడం కూలీ కుటుంబానికి చిన్న విషయం కాదు.

చిక్కల్లా ఈ చికిత్స అందడంలోనే ఉంది. దానిని ఇచ్చే కేంద్రాలు మన దేశంలో ఎక్కువగా పెద్ద నగరాలలోనే ఉన్నాయి. వారానికి రెండు మూడుసార్లు బస్సు చార్జీలు పెట్టుకుని, తోడు వచ్చేవారి కూలీ పోగొట్టుకుని తిరగడం సామాన్యుడి వల్ల కాదు. బ్రిటన్‌లో 216 మంది రోగులతో జరిపిన పరిశోధనలో కొందరికి ఇంటివద్దనే 12 వారాల శిక్షణ ఇచ్చి చూశారు. రోగితోపాటు సంరక్షించే బంధువుకూ నేర్పారు. శిక్షణ పొందినవారి జీవనస్థితి మెరుగుపడినట్లు 2018లో వెలువడిన ఫలితాలు తెలిపాయి.

ఆ పద్ధతి మనకూ దారి చూపుతున్నది. జిల్లా ఆస్పత్రి డాక్టరు పరీక్షించి, ఎంత నడవాలో చీటీ రాసిస్తే, ఆపై అజమాయిషీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు చూసుకోవచ్చు. బరువు తూచే యంత్రం, రక్తపోటు చూసే పరికరం, గడియారం ఉంటే చాలావరకు పని జరుగుతుంది. కావలసింది సిబ్బందికి శిక్షణ, బాధ్యత అప్పగించే ఉత్తర్వు.

అంతవరకు రోగులు సొంతంగా సాహసించరాదు. డాక్టరు అనుమతించాకే రోజుకు 5, 10 నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. నడుస్తూ మాట్లాడగలిగేటంత వేగం చాలు. బస్తాలు ఎత్తరాదు. రెండు మూడు రోజుల్లో బరువు రెండు కిలోలు పెరిగినా, కాళ్లవాపు ఎక్కువైనా నడక ఆపి డాక్టరును కలవాలి. ఛాతీనొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, కూర్చున్నచోటనే ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి చేరాలి. నడక మొదలుపెట్టామని మందులు మానరాదు, ఉప్పు పెంచరాదు.