కంప్యూటరు: సగం కూర్చినదా? మనమే కూర్చేదా?

బాలలూ! కొద్ది డబ్బుతో కంప్యూటరు కావాలంటే రెండు దారులున్నాయి. మొదటిది "బేర్‌బోన్స్". పెట్టె, మదర్‌బోర్డు, పవర్ సప్లై కలిపి అమ్ముతారు. ర్యామ్, డిస్కు మనం కొని అమర్చుకోవాలి. పని తేలికే, కాని చిన్న పెట్టెలలో బోర్డు తరచు ఆ పెట్టె కొలతకే చేసి ఉంటుంది. అది చెడితే వేరొకటి పట్టదు.

రెండవది, అన్నీ విడిగా కొని కూర్చుకోవడం. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ కొలతలు ఏర్పరచింది. ఆ కొలతల పెట్టెలో ఏ కంపెనీ ఏటీఎక్స్ బోర్డయినా పడుతుంది. చెడిన భాగాన్ని మాత్రమే మార్చవచ్చు.

ఒకసారి నేను డీడీఆర్5 బోర్డుకు డీడీఆర్4 ర్యామ్ కొన్నాను. గాడి కలవలేదు, డబ్బు దండుగ! కనుక ఏ బోర్డుకు ఏ ర్యామ్, ఏ ప్రాసెసరు సరిపోతాయో ముందే కాగితంమీద రాసుకోండి.

చోటు తక్కువైతే మొదటిది మేలు. ఏటేటా కొంత పెంచుకోదలిస్తే రెండవది.