రసం ఎవరి సొత్తు?

ఆదివారం పొద్దున తుక్కుగూడ చౌరస్తాలో కూరగాయలు కొనుక్కుని, చంకలో పుస్తకంతో ఇంటికి నడుస్తుంటే మా వీధి కుర్రాడు ఆపి అడిగాడు. "ఏందన్నా, మళ్ల గ్రూప్స్ రాస్తున్నవా?" చంకలో ఉన్నది సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. "లేదు తమ్మీ, ఊరికే చదువుతున్న" అన్నాను. "ఊరికెనా!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ పిల్లవాడి తప్పేం లేదు, వాడికి మనమే అలా నేర్పాం. చరిత్ర, శాస్త్రం, ఆహారం, వ్యవసాయం మీద రాసిన పుస్తకాలు పని ఉన్నప్పుడు తెరిచేవనీ, పరీక్ష కాగానే పాత పేపర్లవాడికి వేసేవనీ. చిక్కడపల్లి గ్రంథాలయంలో పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చునే పిల్లలకు సురవరం ఒక మార్కు ప్రశ్న. సాహిత్యం తెలిసిన పెద్దలది ఇంకో వాదన. అలాంటి పుస్తకాలు సమాచారం ఇస్తాయట గానీ రసం ఇవ్వవట. రసం కావాలంటే కవిత్వమో కథో నవలో చదవాలట. ఈ రెండో మాట మొదటిదానికంటే ఎక్కువ చెడ్డది. ఎందుకంటే అది గౌరవంగా వినిపిస్తుంది.

అసలు రసం అనే మాట ఎక్కడిది? భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో రసమంటే ఏమిటో చెప్పవలసి వచ్చినప్పుడు వంటింట్లోకే వెళ్లాడు. రకరకాల వ్యంజనాలు కలిపి వండిన అన్నం తింటూ మనసు నిర్మలంగా ఉన్నవాడు రుచులను ఎలా ఆస్వాదిస్తాడో, ప్రేక్షకుడు భావాలను అలా ఆస్వాదిస్తాడన్నాడు. ఆ మాట సాహిత్యానికి వంట దగ్గరినుంచే వచ్చింది. వంటంతా నిజాల మీద నడిచే పని. చింతపండు ఎంత పులుపో, పప్పు ఎంతసేపటికి మెత్తబడుతుందో తెలియకుండా పొయ్యి ముందు నిలబడితే ఏ ఊహాశక్తీ కాపాడదు. అలాంటి చోట పుట్టిన మాటను పట్టుకొచ్చి, నిజాలున్న పుస్తకంలో రసం ఉండదంటే నేనొప్పుకోను.

సురవరం 1949లో అచ్చువేసిన ఆ పుస్తకంలో రాజుల యుద్ధాలు వెతుక్కునేవాడికి నిరాశే. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నది ఆయన పట్టు. దానికోసం కావ్యాలనూ శతకాలనూ జల్లెడ పట్టారు. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దక్కింది నవలకు కాదు, కావ్యానికీ కాదు, ఈ పుస్తకానికే. అప్పటికి ఆయన కన్నుమూసి రెండేళ్లయింది. రసం లేని పుస్తకమైతే ఆ గౌరవం ఎందుకు దక్కినట్టు?

కాకతీయుల కాలానికి ఆయన ఎక్కువగా ఆధారపడిన గ్రంథాల్లో 'క్రీడాభిరామం' ఒకటి. అందులో ఓరుగల్లు పూటకూళ్లింటి భోజనం మీద ఒక పద్యం ఉంది. లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక్క రూకకు దొరికేవి ఇవీ: కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, పెరుగు. ఈ జాబితాను రెండోసారి చదువుతుంటే గుండె ఝల్లుమంది. దీంట్లో మిరపకాయ లేదు. ఉండే అవకాశమే లేదు. వాస్కోడగామా కాలికట్‌లో దిగింది 1498లో, అమెరికా ఖండాల మిరప పోర్చుగీసు ఓడలెక్కి మనదాకా వచ్చింది ఆ తర్వాతే. ఓరుగల్లు కోట 1323లోనే పడిపోయింది. ప్రతాపరుద్రుడు మిరపకాయ ముఖం చూడలేదు. టమాటా, ఆలుగడ్డ, పల్లీ కూడా చూడలేదు.

ఆ ఆదివారం ఆరుగురు స్నేహితులకు అదే భోజనం వండాను. ఆవు వెన్న సన్నసెగ మీద పెట్టాను. ముందు చిటపటలాడి నురుగు కట్టింది, నురుగు అణిగాక చప్పుడు తగ్గింది, అడుగున గసి ఎర్రబడుతుంటే తమలపాకు తుంచి వేశాను. ఇల్లంతా వాసన. పెసరపప్పు దోరగా వేయించి ఉడికించి, మిరియాలు కచ్చాపచ్చాగా దంచి జీలకర్రతో పోపు పెట్టాను. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ వేసి, పచ్చిమిర్చికి బదులు మిరియప్పొడి కలిపాను. నంజుళ్లకు వంకాయ, అల్లం పచ్చడి, ఉసిరికాయ. గోధుమపిండి వంట అంటే ఏదో పద్యం చెప్పదు గనుక మన పోలెలు చేశాను.

ఆదిభట్లలో పనిచేసే గుంటూరు మిత్రుడు మొదటి ముద్ద తిని అడిగాడు, "కారం ఏదండీ?" నేను సంగతి చెప్పాను. నమ్మలేదు. "మిరపకాయ లేకుండా మన తాతలు అన్నమెట్లా తిన్నారండీ?" అన్నాడు. పుస్తకాలు తెచ్చి విస్తళ్ల పక్కనే పరిచాం. మిరియానికీ మిరపకూ పేర్లలో ఉన్న చుట్టరికం మీద అరగంట గడిచింది. మూడోసారి పప్పు వడ్డించుకున్నది ఆయనే. ఆ పూట ఆ పుస్తకం ఇచ్చిన ఆనందం ఏ నవల ఇచ్చినదానికీ తీసిపోదు.

నవలలంటే నాకు పగ లేదు, ఇష్టంగానే చదువుతాను. నా కోపం ఎక్కువతక్కువల మీద. తెలుగులో నిజాల మీద రాసిన పుస్తకాలెక్కడున్నాయండీ అని పెదవి విరిచేవారికి ఒక సంగతి గుర్తుచేయాలి. కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు విజ్ఞానచంద్రికా మండలి పెట్టింది ఈ హైదరాబాద్‌లోనే, 1906లో. వాళ్లు వేసిన తొలి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. తర్వాత చరిత్ర, జీవశాస్త్రం, పదార్థవిజ్ఞానం. ఉద్యోగ పరీక్షకు పనికొస్తాయని వేసినవి కావవి. తెలుగువాడు లోకాన్ని తన భాషలో తెలుసుకోవాలన్న తపనతో వేసినవి. ఆ పునాది మీద నిలబడి "నాన్ ఫిక్షన్ మన సంప్రదాయం కాదు" అనడానికి నోరెలా వస్తుంది?

ఇంగ్లిషు చదివేవారు కె.టి. అచ్చయ్యను చదవాలి. నూనెగింజల రసాయనం తెలిసిన శాస్త్రవేత్త, హైదరాబాద్‌లో ఏళ్లపాటు పనిచేసినవాడు. 1994లో వచ్చిన 'ఇండియన్ ఫుడ్: ఎ హిస్టారికల్ కంపానియన్' ఆయనదే. పోషకాహారం కావాలంటే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది. వారి పట్టికల్లో నూరు గ్రాముల పెసరపప్పుకు సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు. ఓరుగల్లు బాటసారి రూక ఇచ్చి కొనుక్కున్న బలం ఎంతో ఆ అంకె చెబుతుంది. ఇది ఒట్టి సమాచారమేనా?

మరో మాట కూడా తరచూ వింటుంటాను. స్నేహితులొస్తే బిర్యానీ ఆర్డర్ పెడితే పోలా, మగవాడికి ఈ వంట తిప్పలెందుకు అని. 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు వానాకాలం అతిథులకు అన్నం, పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, నెయ్యి, పెరుగు పెట్టిస్తాడు. ఇల్లాలి కళ్లలో పొగ పడకుండా కొబ్బరి వంటచెరకు వాడతారట. కృష్ణదేవరాయల చూపు ఆ కళ్ల దాకా వెళ్లినందుకు చేతులెత్తి మొక్కాలి. కానీ పొయ్యి ముందున్నది ఆవిడే, పేరు మాత్రం ఆయనది. అయిదువందల ఏళ్ల తర్వాత కూడా అలాగే ఉంటే ఎలా? స్నేహితులను పిలిచినవాడే గరిటె పట్టాలి. చేత్తో వండితేనే చదివినది ఒంటపడుతుంది. మిరియాలు దంచిన చేతికి 1498 ఒక తేదీగా మిగిలిపోదు.

తుక్కుగూడ అంటే ఈ మధ్య లోకానికి గుర్తొచ్చేవి ఔటర్ రింగ్ రోడ్డు, పెద్ద పెద్ద సభలు. ఇక్కడి ఇళ్లలో వంటిళ్లున్నాయి, ఆదివారాలున్నాయి, ఖాళీగా కూర్చునే స్నేహితులున్నారు. పరీక్ష లేని ఒక రోజు చూసుకుని 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తీయండి. చేతిలో పెన్ను వద్దు, గుర్తులు పెట్టొద్దు. నోరూరించిన చోట ఆగండి. నలుగురిని పిలిచి ఆ వంట మీ చేత్తో వండి పెట్టండి. పుస్తకం విస్తరి పక్కనే ఉండనివ్వండి, నెయ్యి మరక పడినా ఫర్వాలేదు.